ఫ్యాక్టరీ మూతపడ్డా గేటు దగ్గర డ్యూటీ ఆగదు.. బోధన్ షుగర్స్ నుంచి గనుల దాకా సెక్యూరిటీలో ఏం మారుతోంది? ఏం మారాలి?

నిజామాబాద్ జిల్లా బోధన్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ. 1937లో నిజాం హయాంలో పుట్టిన ఈ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదన్న పేరుండేది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించడంతో క్రషింగ్ ఆగిపోయింది. కార్మికులు రోడ్డున పడ్డారు. చెరకు రైతుల్లో చాలామంది వరి వైపు మళ్లారు. ఇన్నేళ్లుగా అక్కడ ఆపడానికి వీల్లేని పని మాత్రం ఒకటుంది.. అదే కాపలా.

మూతపడ్డ ఫ్యాక్టరీకి కాపలా ఎందుకు అనిపించొచ్చు. కానీ దొంగల కన్ను పడేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. మోటార్లలో రాగి వైండింగ్, గోడల వెంట పరిచిన కేబుళ్లు, వాల్వుల్లో ఇత్తడి, బేరింగుల్లో గన్‌మెటల్.. పాత ఇనుప సామాను దుకాణంలో కిలోల లెక్కన అమ్ముడుపోయే సరుకు ఇది. దొంగకు వచ్చేది కొన్ని వేలే కావొచ్చు. అదే మోటారు మళ్లీ బిగించాలంటే మాత్రం ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్ పునరుద్ధరణ కోసం మంత్రి శ్రీధర్ బాబు నేతృత్వంలో కమిటీ వేసింది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారా, తెరిస్తే ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలో లోపల ఇంకా ఏం మిగిలి ఉందన్నది కూడా ఒక పద్దే.

కార్మికుల బకాయిలకూ కాపలాకూ లింకేంటి?

2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు కూడా అదే కంపెనీ కిందకు వచ్చాయి. మూడూ ఒకేసారి మూతపడ్డాయి. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. దివాలా చట్టం, అంటే 2016 నాటి ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్ ప్రకారం లిక్విడేషన్‌లోకి వెళ్లిన కంపెనీ ఆస్తులను లిక్విడేటర్ తన అధీనంలోకి తీసుకుని కాపాడాలి. అందుకయ్యే ఖర్చు, వాచ్‌మన్ జీతంతో సహా, లిక్విడేషన్ ఖర్చు కిందకు వస్తుంది. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బులో ముందు తీసేది ఈ ఖర్చునే. ఆ తర్వాతి వరుసలో 24 నెలల వరకు కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల అప్పులు సమానంగా నిలబడతాయి. అంటే కాపలా సరిగా లేక మిషనరీ పోతే అమ్మకం ధర పడిపోతుంది. కాపలా పేరుతో బిల్లులు పెరిగితే పంచడానికి మిగిలేది తగ్గుతుంది. రెండు వైపులా దెబ్బ తగిలేది కార్మికుడికే. సెక్యూరిటీ అనేది యాజమాన్యం తలనొప్పి మాత్రమే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

నడిచే ఫ్యాక్టరీలో కాపలా వేరే లెక్క

చక్కెర ఫ్యాక్టరీకి సీజన్ ఉంటుంది. సాధారణంగా నవంబర్‌లో క్రషింగ్ మొదలై మార్చి, ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఆ నాలుగైదు నెలలు రాత్రీ పగలూ ట్రాక్టర్లు, లారీలు గేటు ముందు బారులు తీరతాయి. మహారాష్ట్ర నుంచి వచ్చే నరికే కూలీలు, వాళ్ల ముకద్దంలు, డ్రైవర్లు, రైతులు.. ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయటికి వెళ్లారో తెలియని పరిస్థితి. మిగతా నెలల్లో మిషన్లు విప్పి రిపేర్లు చేస్తారు. విప్పిన పార్టులు నేల మీదే పడి ఉంటాయి. మాయమయ్యేదీ ఎక్కువగా అప్పుడే.

సీజన్‌లో రైతుకు అసలు భయం కాటా దగ్గర. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం.. ఈ రెండు అంకెల మధ్య తేడానే రైతు ఏడాది కష్టం. పైగా నరికిన చెరకు గంటలు గడిచేకొద్దీ ఆరిపోయి బరువు తగ్గుతుంది, అందులో చక్కెర శాతమూ పడిపోతుంది. లైన్‌లో ఒకరిని ముందుకు తోసి మరొకరిని రాత్రంతా ఆపితే ఆపినవాడికి నష్టం. లైన్ నడిపేది ఎవరంటే చాలాచోట్ల గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డే. అందుకే కొత్త పద్ధతుల్లో మొదట మార్చాల్సింది ఇక్కడే. బండికి ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్, గేటు దాటిన టైమ్ ఆటోమేటిక్‌గా నమోదు, కాటా మీద బండి నంబర్ కనిపించేలా కెమెరా, తూకం పడగానే రైతు ఫోన్‌కు మెసేజ్. దొంగతనాన్ని ఆపడం ఒక లాభం. గార్డు మీద "చెయ్యి తడిపితేనే బండి వదులుతాడు" అన్న మాట పోవడం ఇంకో లాభం.

మొలాసిస్ ట్యాంకుల సంగతి వేరు. చక్కెర తీశాక మిగిలే ఈ మడ్డి నుంచే ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి దీని మీద ఎక్సైజ్ శాఖ నిఘా ఉంటుంది. పక్కదారి పడితే అది కేవలం చోరీ కేసుతో పోదు. ట్యాంకు మట్టం కొలిచే సెన్సర్, వాల్వుకు సీలు, ట్యాంకర్ బయటికి వెళ్లేటప్పుడు గేట్‌పాస్‌తో కాటా చీటీ సరిపోల్చడం.. మూడూ కలిస్తేనే లెక్క తేలుతుంది.

ఇక పిప్పి గుట్టలు. చెరకు పిప్పి కుప్పగా పడి ఉంటే లోపల వేడి పుట్టి పైకి పొగ కనిపించే లోపే రాజుకుంటుంది. మామూలు కెమెరాకు ఇది కనపడదు. వేడిని పట్టే థర్మల్ కెమెరాకు కనపడుతుంది. ఇలాంటి చోట థర్మల్ కెమెరా మీద పెట్టే డబ్బు దొంగల కోసం పెట్టే పది కెమెరాల కన్నా ఎక్కువ పనికొస్తుంది.

సీఐఎస్ఎఫ్‌ను పెట్టేయొచ్చుగా?

ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. దేశంలో పరిశ్రమల కాపలాకు ప్రత్యేక దళం రావడానికి కారణం ఒక అగ్నిప్రమాదం. 1964లో రాంచీలోని హెవీ ఇంజినీరింగ్ కార్పొరేషన్‌లో మంటలు చెలరేగాయి. దానిపై వేసిన జస్టిస్ బి.ముఖర్జీ కమిషన్ సిఫారసుతో 1968లో చట్టం వచ్చింది. 1969 మార్చి 10న సీఐఎస్ఎఫ్ మొదలైంది. ఆ దళం అధికారులకు శిక్షణ ఇచ్చే నేషనల్ ఇండస్ట్రియల్ సెక్యూరిటీ అకాడమీ మన హైదరాబాద్ హకీంపేటలోనే ఉంది. 2008 ముంబై దాడుల తర్వాత 2009లో చట్టం సవరించి ప్రైవేటు సంస్థలకూ ఈ దళాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు.

ఉమ్మడి రాష్ట్రంలో 1991లో వచ్చిన ఎస్పీఎఫ్, అంటే స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ కూడా ఇలాంటిదే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, ముఖ్యమైన కట్టడాల కాపలా చూస్తుంది. 2024 నవంబర్ నుంచి తెలంగాణ సచివాలయం భద్రత కూడా దీనికే అప్పగించారు.

అయితే సీఐఎస్ఎఫ్‌ను పెట్టుకున్న సంస్థ జవాన్ల జీతభత్యాలన్నీ భరించాలి. రామగుండం ఎన్టీపీసీకి, విమానాశ్రయాలకు అది సాధ్యం. ఏడాదిలో ఐదు నెలలు నడిచే చక్కెర ఫ్యాక్టరీకి, సారంగపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీలా ఏళ్ల తరబడి తాళం పడ్డ చోటికి, నిజామాబాద్ చుట్టూ ఉన్న రైస్ మిల్లులకు అంత స్తోమత ఎక్కడిది? వీళ్లందరికీ దిక్కు ప్రైవేటు ఏజెన్సీలే. మిల్లుల్లో ఉండేది చాలావరకు సీఎంఆర్ కింద ప్రభుత్వం ఇచ్చిన వడ్లు. అంటే ఆ గోదాం ముందు కూర్చున్న గార్డు కాపాడేది సర్కారు సొమ్మును.

కెమెరాలు పెట్టారు సరే.. చూసేదెవరు?

ఆధునికీకరణ అనగానే మేనేజర్లు ముందు చేసే పని కెమెరాలు కొనడం. గేటుకు రెండు, ఆఫీసుకు నాలుగు, ప్రహరీకి ఎనిమిది. ఆరు నెలలు గడిచాక లెన్స్ మీద బూడిద, దుమ్ము, సాలెగూడు. రికార్డర్ హార్డ్‌డిస్క్ నిండి పాతది చెరిగిపోతూ ఉంటుంది. చోరీ జరిగిన వారానికి చూస్తే ఆ రోజు ఫుటేజీ ఉండదు. ప్రజా భద్రత కోసం 2013లో ఉమ్మడి ఏపీలో వచ్చిన చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకుని 30 రోజుల ఫుటేజీ దాచాలి. తెలంగాణలోనూ అది అమల్లో ఉంది. ఫ్యాక్టరీలు కనీసం ఈ 30 రోజుల లెక్కనైనా పాటిస్తే సగం కేసులు తేలిపోతాయి.

ఇంకో చిక్కు పాస్‌వర్డ్. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే ఫ్యాక్టరీ కెమెరాను ఎక్కడో కూర్చున్నవాడు కూడా చూడగలడు. ఈ ముప్పు కారణంగానే 2025 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. కొత్తవి కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందో లేదో అడగాలి. పాతవి ఉంటే కనీసం పాస్‌వర్డ్ మార్చాలి. దీనికి రూపాయి ఖర్చు కూడా ఉండదు.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పద్ధతి ఒకటుంది. దాన్ని గార్డ్ టూర్ అంటారు. ప్రహరీ వెంట పదిచోట్ల చిన్న ట్యాగులు బిగిస్తారు. గస్తీ తిరిగే గార్డు ప్రతిచోటా ఫోన్‌తో దాన్ని తాకించాలి. ఏ టైమ్‌కు ఎక్కడున్నాడో రికార్డ్ అవుతుంది. వెనకటికి రిజిస్టర్‌లో తెల్లారేసరికి "ఆల్ ఓకే" అని ఒకేసారి ఆరు సంతకాలు పడేవి. ఇప్పుడది కుదరదు. ఈ సిస్టమ్ గార్డుకూ రక్షణే. రాత్రి 2 గంటలకు రావాల్సిన చోటుకు రాలేదంటే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది. పాముకాటో, గుండెపోటో, దొంగల దాడో.. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వెళ్తారు. వందల ఎకరాల ఆవరణలో ఒంటరిగా తిరిగే మనిషికి చేతిలోని లాఠీ కన్నా ఇదే ధైర్యం.

డ్రోన్లూ వస్తున్నాయి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్‌గా చూపించిన చోట 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాకపోతే డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, వ్యాపార అవసరానికి వాడితే చిన్న నానో డ్రోన్లకు తప్ప పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పెద్ద ఆవరణకు మేలే గానీ, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చూసుకుని కొనాలి. రాత్రంతా పహరా కాసే డ్రోన్ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మంజీర ఇసుక, క్వారీల పేలుడు సామగ్రి

బోధన్ పక్కనే మంజీర నది. ఇది రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నదికి అటు మహారాష్ట్ర, ఇటు తెలంగాణ. ఇసుక తవ్వకం మీద ఇక్కడ ఎప్పుడూ గొడవే. ఇసుకకు గోడ కట్టలేం, గేటు పెట్టలేం. అందుకే ఇక్కడ ఆధునిక నిఘా అంటే బండిని పట్టుకోవడమే. ఆన్‌లైన్‌లో ఇసుక బుకింగ్, బండికి జీపీఎస్, వే బిల్లులో టైమ్.. ఈ మూడింట్లో ఒకటి తప్పినా బండి దొరికిపోవాలి. పెద్ద ఖనిజాల కోసం కేంద్రం 2016లో మైనింగ్ సర్వైలెన్స్ సిస్టమ్ తెచ్చింది. లీజు సరిహద్దు చుట్టూ 500 మీటర్ల దాకా శాటిలైట్ ఫొటోలు చూసి కొత్తగా తవ్వినట్టు కనిపిస్తే అధికారులకు అలర్ట్ పంపుతుంది. మొరం, కంకర తవ్వే చిన్న గుట్టల దాకా ఆ కన్ను చేరితే సగం దందా ఆగుతుంది.

క్వారీల్లో ఇసుక కన్నా ప్రమాదకరమైన సరుకు ఉంటుంది. అదే పేలుడు సామగ్రి. జిలెటిన్ స్టిక్స్, డిటొనేటర్లు దాచే గదిని మ్యాగజైన్ అంటారు. లైసెన్స్ ఇచ్చేది నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ. వచ్చిన స్టాకు, వాడిన స్టాకు, మిగిలింది రోజూ రిజిస్టర్‌లో రాయాలి. ఒక్క స్టిక్ తక్కువైనా వెంటనే పోలీసులకూ పెసోకూ చెప్పాలి. ఇలాంటి గది ముందు తెచ్చి కూర్చోబెట్టిన ముసలాయనకు లోపల ఏముందో కూడా చెప్పని క్వారీ ఉంటే అది కాపలా కింద లెక్కకు రాదు.

నిజామాబాద్‌లో బొగ్గు లేదు. గనుల కాపలా పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూడాలంటే గోదావరి వెంట కిందికి, పెద్దపల్లి, మంచిర్యాల వైపు సింగరేణికి వెళ్లాలి. అక్కడ కంపెనీకి ఎస్ అండ్ పీసీ పేరుతో సొంత సెక్యూరిటీ విభాగమే ఉంది. రాగి కేబుల్ దొంగల బెడద వాళ్లకూ ఉంది. మూసేసిన భూగర్భ గనిలోకి స్క్రాప్ కోసం దిగేవాడికి పోలీసుల కన్నా పెద్ద ముప్పు లోపలి గాలి. గాలి ఆడని గనిలో విషవాయువులు పేరుకుంటాయి. అక్కడ గార్డు ఒకరిని ఆపాడంటే చోరీతో పాటు చావునూ ఆపినట్టే. ఇంకో సంగతి.. అలా దిగినవాడి వెనకాల గార్డు కూడా దిగకూడదని ట్రైనింగ్‌లోనే చెప్పాలి.

160 గంటల ట్రైనింగ్.. కాగితాల మీదేనా?

ఇన్ని మిషన్లు పెట్టినా చివరికి పరుగెత్తాల్సింది మనిషే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల కోసం 2005లో వచ్చిన చట్టాన్నే పసారా అంటారు. లైసెన్స్ లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25,000 వరకు జరిమానా, లేదంటే రెండూ. లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతుంది. ఒక జిల్లాకైతే ఫీజు 5,000, రాష్ట్రమంతటికీ అయితే 25,000.

గార్డు వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. ట్రైనింగ్ కనీసం 160 గంటలు. అందులో 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డ్‌లో. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డ్ సరిపోతుంది. మంటలు ఆర్పడం, ఫస్ట్ ఎయిడ్, గుంపును అదుపు చేయడం, ఐడీ కాగితాలు తనిఖీ చేయడం, ఫిర్యాదు ఎలా ఇవ్వాలి.. ఇవన్నీ సిలబస్‌లో ఉన్నాయి. ప్రతి 15 మందికి ఒక సూపర్‌వైజర్ ఉండాలి. యూనిఫాం కుట్టించి, విజిల్ చేతిలో పెట్టి అదే రాత్రి డ్యూటీకి పంపడం ఈ చట్టానికి విరుద్ధం.

జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇక్కడో పోలిక చెప్పుకోవాలి. దుబాయ్‌లో సెక్యూరిటీ గార్డుగా చేయాలంటే సిరా అనే ప్రభుత్వ ఏజెన్సీ శిక్షణ, పరీక్ష, లైసెన్స్ తప్పనిసరి. అక్కడ కంట్రోల్ రూమ్‌లో కెమెరాలు నడిపిన మనిషి ఇంటికి తిరిగొచ్చాక ఊళ్లో మిల్లు ముందు స్టూల్ మీద కూర్చుంటున్నాడు. ఆ అనుభవాన్ని ఏజెన్సీలు అడిగి తీసుకోవాలి. మాజీ సైనికుల వివరాల కోసం నిజామాబాద్‌లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది.

జీతం సంగతికొస్తే, 12 గంటల డ్యూటీ ఈ రంగంలో మామూలైపోయింది. కనీస వేతనం లెక్క మాత్రం 8 గంటలకే. ఆపైన చేయించుకున్న టైమ్‌కు డబుల్ రేటు ఇవ్వాలి. తక్కువ కోట్ చేసిన ఏజెన్సీకే టెండర్ ఇచ్చే చోట ఆ కోత గార్డు జీతంలోంచే పోతుంది. సగం జీతానికి 12 గంటలు నిలబడ్డ మనిషి తెల్లవారుజామున 4 గంటలకు స్క్రీన్ మీద కదలికను పట్టుకోవాలంటే ఎలా? ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత ఫ్యాక్టరీ యాజమాన్యం మీద పడుతుందని చట్టం చెబుతోంది. ఈ సంగతి గార్డులకు ఎవరూ చెప్పరు.

దొంగను పట్టుకున్నాక ఏం చేయాలి?

చాలా కేసులు వీగిపోయేది ఇక్కడే. సెక్యూరిటీ గార్డు పోలీసు కాదు. కళ్లెదుట నేరం జరిగితే మాత్రం మామూలు పౌరుడిలా అతనికీ పట్టుకునే హక్కుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం అలా పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా, ఎక్కువలో ఎక్కువ 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. చెట్టుకు కట్టేసి కొట్టడం, వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టడం చేస్తే కేసు గార్డు మీదకే తిరుగుతుంది. ఆత్మరక్షణ కోసం, ఆస్తి రక్షణ కోసం బలం వాడే హక్కు ఉంది గానీ అవసరానికి మించి వాడకూడదు.

ఫుటేజీకీ ఓ పద్ధతి ఉంది. స్క్రీన్‌ను ఫోన్‌తో షూట్ చేసి ఇస్తే కోర్టులో నిలబడటం కష్టం. రికార్డర్ నుంచి నేరుగా కాపీ తీయాలి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. ఆ సర్టిఫికెట్‌లో ఫైల్ హ్యాష్ వాల్యూ కూడా రాయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతి ఇది. కంట్రోల్ రూమ్‌లో కనీసం ఒక్కరికైనా ఈ పని నేర్పించాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలోనో, మిల్లులోనో, క్వారీలోనో సెక్యూరిటీ డ్యూటీ చేస్తుంటే ఈ నెల జీతం వచ్చినప్పుడు కొన్ని చూడండి. ఏజెన్సీ ఇచ్చిన ఫొటో ఐడీ కార్డు ఉందా? యూఏఎన్ నంబర్ ఇచ్చారా? ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే కోసిన డబ్బు జమ అయ్యిందో లేదో తెలుస్తుంది. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కార్డు రావాలి. డ్యూటీలో దెబ్బ తగిలితే వైద్యం, మంచాన పడితే రోజుల లెక్కన డబ్బు, ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు పింఛన్ అందేది ఈఎస్ఐ ద్వారానే. కార్డు లేకపోతే ముందు ఏజెన్సీని రాతపూర్వకంగా అడగాలి. స్పందన లేకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ ఆఫీసులో, జీతం విషయమైతే కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫిర్యాదులో ఏజెన్సీ పేరుతో పాటు డ్యూటీ చేస్తున్న ఫ్యాక్టరీ పేరు కూడా రాయడం మర్చిపోవద్దు.